కుటీరము

కాటేజి యనగా కుటీరము, బీదవాని యిల్లు అని 20 ఏండ్లుగా పిల్లలకు బోధించుచున్నాము. ఆ యర్థముపై మా కెన్నడును సందేహము కలుగలేదు. గడచిన మాసమున ఇంగ్లండునుండి మా పూర్వశిష్యుడొకడు వ్రాసిన జాబుతో అది కలిగినది.

అతడు కోనసీమవాడు. డార్సెటు మండలములోని యొక పల్లెయందు పాతకాలపు కుటీరమొకటి అమ్మకమునకు వచ్చినదట. ఇండ్లదళారి వేసిన ప్రకటనను జాబుతో జతచేసినాడు. ఆ యింటికి క్యారెక్టరు కలదని అందు వ్రాసియున్నది. మేమీ మాటను మనుష్యులకే వాడి, శీలమని తెనిగింతుము. తలవంచి దూరవలసిన గుమ్మము, ఒరిగిన దూలములు, మనిషి కూర్చుండదగినంత పొయ్యిగూడు, ఇవియే యా శీలమునకు సాక్ష్యములు. మనిషియందు వంకర దోషము. ఇంటియందు అదియే వెలను హెచ్చించు గుణము.

పటము చూచితిమి. బంకమన్నును గడ్డిని కలిపి త్రొక్కి లేపిన గోడలు, పైన గడ్డికప్పు. ఇది మన పూరిల్లే గదా! కాని దాని రక్షణ వేరు. 1947వ సంవత్సరపు చట్టము మొదలు అచ్చట పురాతనగృహములను పట్టికలోనికి ఎక్కించి కాపాడుచున్నారు. అట్టి యింటి స్వరూపమును అనుమతిలేక మార్చుట నేరము. వెనుకటి యజమాని చేసిన తప్పును సరిదిద్దవలసిన భారము కొన్నవానిపై పడవచ్చును. రెల్లుకప్పు 25 మొదలు 40 ఏండ్లవరకు నిలుచును. కొప్పును 10, 15 ఏండ్లకొకసారి క్రొత్తగా కట్టవలెను. గోడలకు సున్నమే పూయవలెను. సిమెంటు పూసినచో తేమ లోపలనే నిలిచి గోడను చెరచును. మట్టియింటిపై నింత శ్రద్ధయా యని మెచ్చుకొంటిమి.

మరి యా యిండ్లలో ఎవరుండిరి? ఆ మండలముననే టాల్పడిల్ అను పల్లె కలదు. వారమునకు 7 షిల్లింగులకు దిగిన కూలి యింకను దిగునని తెలిసి అచ్చటి వ్యవసాయకూలీలు సంఘము కట్టుకొనిరి. చట్టవిరుద్ధమైన ప్రమాణము చేయించిరను నేరముపై 1834లో వారిలో ఆర్గురికి 7 ఏండ్లు ద్వీపాంతరశిక్ష విధించి ఆస్ట్రేలియాకు పంపిరి. ప్రజలు తీవ్రముగా నాందోళనము చేయగా 1836లో క్షమాపణ లభించినది. అట్టి కూలీలు తలదాచుకొన్న యిండ్లను నేడు పట్టణపు ధనికులు కొనుచున్నారు. కొందరు సెలవులకు మాత్రమే వచ్చి తాళము తీయుదురు. పల్లెలో పుట్టిన కూలివాని బిడ్డకు ఆ వెల యందదు. చట్టము గోడను కాపాడినది గాని, గోడ పెట్టినవాని సంతతిని అచ్చట నిలుపలేకపోయినది.

జాబు చివరనున్నది అసలు సంగతి. “మాస్టారూ, నాన్నగారి లోగిలి అమ్మితే బయానాకు సరిపోతుంది. అమ్మ ఒప్పుకోవడం లేదు. మీరు చెబితే కాదనదు.” కొనదలచినవాడు ఆ మండువా లోగిలిని పడగొట్టి అంతస్తులు వేయునట.

హితము చెప్పుటకు మాకేమి యధికారము? మా తాతగారి పెంకుటింటిని పడగొట్టించి డాబా వేయించినవారము మేమే. టేకు దూలములను అడితికి తూచి యమ్మితిమి. అమ్మిననాడు మా తల్లిగారు అన్నము ముట్టలేదు, కారణము మేమడుగలేదు.

రెండు దినములు తర్కించి యిట్లు వ్రాసితిమి: “నాయనా, కుటీరము కొనవద్దని మేమనము. కొన్నచో అందు కాపురముండుము. ఏడాదికి పది దినముల విడిదిగా చేయకుము. మీ యమ్మగారికి మాత్రము మేము చెప్పజాలము. ఆమె యిల్లు ఏ పట్టికలోను లేదు. ఆమె యుండుటయే దానికి రక్ష.”

ప్రత్యుత్తరమింకను రాలేదు. రేపటి పాఠమున ఆ మాట మరల వచ్చును. కాటేజి యనగా కుటీరము, ఒకప్పుడు బీదవాని యిల్లు అని చెప్పెదము. ఆ ‘ఒకప్పుడు’ ఏల యని యే పిల్లవాడైన నడిగినచో, ఆనాటి పాఠమంతయు దానికే వినియోగింతుము.