అటక మీది దారాల డబ్బా

మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు రాసొచ్చి, "అమ్మా, నేను ఇంజనీరింగులో చేరను, బట్టల డిజైనింగు నేర్చుకుంటాను" అన్న రోజు నుంచీ మా ఇంట్లో ఒకటే రభస. "దర్జీ పనికి లక్షలు పోసి చదివించాలా?" అన్నారు మా వారు. నిజం చెప్పొద్దూ, మొదట్లో నేనూ ఆయన పక్షమే.

నేను మాత్రం? పెళ్లికి ముందు జాకెట్ల మీద నెమళ్లు, మామిడి పిందెలు కుట్టినదాన్నే. ఇంటరుతో చదువు ఆగింది, అత్తారింటికొచ్చాక దారాల డబ్బా అటకెక్కింది. ఎవరూ కుట్టొద్దనలేదు. కుట్టమనీ అనలేదు.

అమ్మాయి ఊరుకోక భాను అథైయా కథ మొదలెట్టింది. 1929లో కొల్హాపూర్‌లో పుట్టిందట ఆవిడ. తండ్రి చిత్రకారుడు, చిన్నతనంలోనే పోయాడు. బొంబాయి జె.జె. స్కూల్లో చిత్రకళ చదివి, 1953లో పేరున్న మగ చిత్రకారుల సరసన తన బొమ్మలు ప్రదర్శించింది. ఫ్యాషన్ బొమ్మలు వేసింది 'ఈవ్స్ వీక్లీ'కి. అంటే మనం చదివేలాంటి ఆడవాళ్ల పత్రికకే సుమండీ! ఆ సంపాదకురాలు బట్టల షాపు పెట్టి, కాగితం మీద వేసేవి గుడ్డ మీద కుట్టి చూడమంది. అక్కడికి సినిమా తారలు రావడం, 1956లో 'సి.ఐ.డి.'తో ఆవిడ సినిమాల్లోకి వెళ్లడం, అన్నీ చకచకా జరిగిపోయాయి.

'బ్రహ్మచారి' (1968) పాటలో ముంతాజ్ కట్టిన నారింజరంగు చీర గుర్తుందా? కుచ్చిళ్లు ముందే కుట్టేసి, తొడుక్కుంటే చాలేలా చేసింది. డాన్సులో చీర జారితే ఎంత అవస్థో ఆడదానికే తెలుస్తుంది మరి! 'ఆమ్రపాలి' (1966) కోసమైతే అజంతా గుహల బొమ్మలు చూసి మరీ ఆ దుస్తులు తయారుచేసిందట. 'గాంధీ' సినిమాకి జాన్ మోలోతో కలిసి 1983లో ఆస్కార్ అందుకుంది. మన దేశానికి అదే మొదటిది. 2012లో ఆ బొమ్మని భద్రంగా ఉంచమని అకాడమీకే తిరిగిచ్చేసి, 2020లో కన్నుమూసింది.

"ఆవిడ కూడా దర్జీయేనా నాన్నా?" అంది మా పిల్ల. మా వారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నం అటకెక్కి డబ్బా దింపాను. దారాలు పట్టుకుంటే పుటుక్కున తెగుతున్నాయి. సగం కుట్టిన నెమలి మాత్రం రంగు వెలవలేదు. మా పిల్ల దాన్ని వేళ్లతో తడిమి, "ఇది నువ్వే కుట్టావా అమ్మా?" అంది. ఆ అనుమానం నాకు చురుక్కుమంది.

దరఖాస్తు ఫారంలో తల్లి సంతకం పెట్టేశాను. మా వారికింకా చెప్పలేదు.