ఊహకు చోటులేని గళ్లు

సుడోకు జపాన్‌లో పుట్టిందని చాలామంది అనుకుంటారు. అసలు పుట్టిల్లు అమెరికా. 1979లో డెల్ సంస్థ వేసే పజిళ్ల పత్రికలో 'నంబర్ ప్లేస్' పేరుతో తొలిసారి అచ్చయింది. కూర్చినది ఇండియానా రాష్ట్రానికి చెందిన హోవార్డ్ గార్న్స్ అనే రిటైర్డ్ ఆర్కిటెక్టు అంటారు. 1984లో జపాన్ పత్రిక నికోలి దాన్ని తెచ్చి కొత్త పేరు పెట్టింది. రెండేళ్ల తర్వాత రెండు షరతులూ చేర్చింది: ముందుగా ఇచ్చే అంకెలు 32కు మించకూడదు, అవి గళ్లలో పొందికగా అటూ ఇటూ సరితూగేలా ఉండాలి.

దాన్ని లోకం మీదికి వదిలినవాడు మాత్రం ఒక జడ్జి. న్యూజిలాండ్‌కు చెందిన వేన్ గౌల్డ్ హాంకాంగ్‌లో న్యాయమూర్తిగా చేసి రిటైరయ్యాడు. 1997లో టోక్యోలో ఒక పుస్తకాల షాపులో ఈ గళ్లు కంటబడ్డాయి. ఆరేళ్లు కూర్చుని, పజిళ్లను తనంతట తనే తయారుచేసే ప్రోగ్రామ్ రాసుకున్నాడు. 2004 నవంబర్ 12న లండన్ టైమ్స్‌లో మొదటిది వచ్చింది. పత్రికలకు పజిళ్లు ఊరికే ఇచ్చాడు, అమ్ముకున్నది ప్రోగ్రామ్‌ను. జడ్జిగారికి వ్యాపారం బాగానే తెలుసు.

అప్పట్నుంచి ఉచిత పజిళ్లకు కొదవ లేదు. ప్రింట్ తీసుకోవచ్చు, ఫోన్‌లోనే ఆడుకోవచ్చు. కొదవంతా మంచివాటికే. మంచి పజిల్‌కు జవాబు ఒక్కటే ఉండాలి, దాన్ని గాలిలో బాణం వేయకుండా చేరుకోగలగాలి. అంకెలు మరీ తగ్గించినా చిక్కే. 16 అంకెలిచ్చి ఒకే జవాబు రాబట్టడం అసాధ్యమని, కనీసం 17 ఉండాలని డబ్లిన్‌లో గ్యారీ మెక్‌గ్వైర్ బృందం కంప్యూటర్ల మీద వెతికి 2012లో తేల్చింది.

పిల్లలతో మొదలుపెట్టేవాళ్లకు వరసకు తొమ్మిది గళ్లుండే సుడోకు కన్నా వరసకు నాలుగు గళ్లుండే కెన్‌కెన్ మేలు. 2004లో దీన్ని తయారుచేసింది జపాన్ లెక్కల మాస్టారు తెత్సుయా మియామోతో. అడ్డంగా, నిలువుగా ఏ వరసలోనైనా 1 నుంచి 4 దాకా ఒక్కోటి ఒకేసారి రావాలి. పై వరసలో మొదటి రెండు గళ్లను కలిపి గీత గీసి '6×' అని వేశారనుకోండి. గుణిస్తే 6 వచ్చేవి 2, 3 మాత్రమే. ఏది ముందో ఇంకా తెలీదు. అయినా పక్కనున్న రెండు గళ్లలో 1, 4 తప్ప ఇంకోటి పట్టదని తేలిపోయింది. మూడో గడి కింద నిలువు వరసలో ఎక్కడైనా 4 కనబడితే మూడోది 1, నాలుగోది 4. గుణకారం సగమే వచ్చిన పిల్లాడు కూడా "తాతయ్యా, అక్కడ 1 కుదరదు!" అని గద్దించగలడు, కారణంతో సహా.

తెర మీద ఆడేటప్పుడు ఈ కారణమే జారిపోతుంది. చాలా యాప్‌లలో తప్పు అంకె వేయగానే అది ఎర్రబడుతుంది. ఇంకేముంది, ఎరుపు పోయేదాకా ఒక్కో అంకె నొక్కుకుంటూ పోవడమే. ఆ సెట్టింగ్ ఆపేస్తే గానీ అది లాజిక్ పజిల్ కాదు. కాగితం మీద అయితే పెన్సిలుతో గడి మూలలో చిన్నగా '1, 4' అని రాసుకుంటారు, పక్కవాళ్లు వంగి చూసి వాదనకు దిగుతారు.

తెర మీదా నిజాయితీగా ఆడించేది సైమన్ టాథమ్ పజిళ్ల సంకలనం. 'పుట్టీ' అనే సాఫ్ట్‌వేర్ రాసిన ఇంగ్లండ్ ప్రోగ్రామరే ఈయన. ప్రకటనల్లేవు, డబ్బు అక్కర్లేదు, బ్రౌజర్లోనే నడుస్తుంది. అందులోని మైన్స్ ఆట పాత మైన్‌స్వీపర్ లాంటిదే. కాకపోతే మామూలు సెట్టింగ్‌లో మొదటి నొక్కు తర్వాత ఎక్కడా గుడ్డిగా ఊహించాల్సిన అవసరం రాదు, ప్రతి బాంబూ తర్కంతో దొరుకుతుంది.

ఈ సంకలనంలో ప్రతి పజిల్‌కూ ఒక ఐడీ ఉంటుంది. దాన్ని వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లకు అచ్చంగా అదే పజిల్ తెరుచుకుంటుంది. గళ్లనుడికట్టు ఆడాలంటే న్యూజెర్సీ మనవడికి తెలుగు రావాలి. అంకెల గళ్లకు ఆ ఇబ్బంది లేదు. విజయవాడలో అమ్మమ్మ, అక్కడ మనవడు ఒకేసారి మొదలుపెట్టొచ్చు. గెలిచినవాళ్లు తర్వాతి ఆటకు గళ్లెన్నో చెబుతారు.