మొహం చూసి మాట అడుగుతారు

కొరియాలో నాలాంటి తెలుగువాడికి ఒక సౌకర్యం ఉంది. చూడగానే పరాయివాడినని తెలిసిపోతుంది కాబట్టి నా దగ్గర ఎవరూ ఏమీ ఆశించరు. ‘అన్న్యోంగ్ హాసేయో’ అంటే చాలు, హోటల్లో పెద్దావిడ మురిసిపోతుంది. ‘అబ్బ, కొరియన్ ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!’ అంటూ అడక్కుండానే ఇంకో గిన్నె కిమ్చీ తెచ్చిపెడుతుంది. చాప్‌స్టిక్స్‌తో నూడుల్స్ ఎత్తినా ఘనకార్యమే.

అదే బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చునే సహోద్యోగి సంగతి వేరు. మొహం అచ్చమైన కొరియా మొహం. పుట్టిందీ పెరిగిందీ లాస్ ఏంజెలెస్‌లో. అమ్మానాన్నలు అక్కడ డ్రైక్లీనింగ్ షాపు నడిపారు. ఇతనికి కొరియన్ వచ్చు కానీ, వంటింట్లో అమ్మతో మాట్లాడుకునేంత వరకే. సువాన్‌లో మా ఆఫీసు వెనక సందులో ఒక గుక్‌బాప్ హోటలుంది. గుక్‌బాప్ అంటే పొగలుకక్కే పులుసులో అన్నం. ఓ మధ్యాహ్నం అక్కడ పెద్దావిడని నీళ్లడుగుతూ ఇతను ‘ఇవ్వండి’ అనాల్సిన చోట ‘ఇవ్వు’ అనేశాడు. కొరియన్‌లో ఆ మర్యాదంతా క్రియ చివర్లోనే ఉంటుంది. ఆవిడ చేతిలో గరిటె పక్కన పెట్టి, ‘ఇంట్లో పెద్దవాళ్లు నేర్పలేదా?’ అంది. అంతకంటే పెద్ద తప్పులు నా నోట వచ్చినా నవ్వేసి ఊరుకునే మనిషే ఆవిడ.

పరాయి దేశాల్లో స్థిరపడ్డ కొరియా సంతతివాళ్లని, వాళ్లు తాతల దేశానికి తిరిగొచ్చినా, ఇక్కడ గ్యోపో అంటారు. కొరియా బయట ఉన్న కొరియా సంతతి దాదాపు 70 లక్షలు. ఉన్న దేశం మొత్తం జనాభాయే 5 కోట్ల చిల్లర కాబట్టి ఇది చిన్న లెక్కేమీ కాదు. వీళ్ల వ్యవహారాలు చూడటానికి 2023 జూన్‌లో ఇంచియాన్‌లో ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక విభాగాన్నే పెట్టింది. అమెరికా నుంచి వచ్చినవాళ్లు, చైనా నుంచి వచ్చే జోసన్‌జోక్, మధ్య ఆసియా నుంచి వచ్చే కొర్యో సారం, జపాన్‌లో మూడు నాలుగు తరాలుగా ఉన్నవాళ్లు, పసిగుడ్డుగా దత్తతకు వెళ్లిపోయి పెద్దయ్యాక అమ్మని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు, అందరూ ఈ లెక్కలోకే వస్తారు. దత్తతల పేరుతో దాదాపు 2 లక్షల మంది పిల్లల్ని దేశం దాటించారు. పత్రాలు తారుమారు చేసి పంపిన సందర్భాలు ఉన్నాయని, అందులో ప్రభుత్వం బాధ్యత కూడా ఉందని 2025 మార్చిలో ఇక్కడి సత్య శోధన కమిషనే తేల్చింది.

మొదట్లో నేను ఇదంతా భాష గొడవే అనుకున్నాను. మొహం చూసి మాట అడుగుతారు, మాట రాకపోతే చిన్నబుచ్చుతారు, అంతే అనుకున్నాను. నా అభిప్రాయం మారింది ఆస్పత్రిలో.

పిత్తాశయంలో రాళ్లు తీయించుకుని జనరల్ వార్డులో పడుకున్నప్పటి మాట. పక్క మంచం మీద ఎనభై దాటిన ముసలాయన. ఆయన్ని చూసుకోవడానికి కొడుకులు కుదిర్చిన ఆయా యెన్జీ నుంచి వచ్చిన మనిషి. యెన్జీ అంటే చైనాలో, ఉత్తర కొరియా సరిహద్దుకు దగ్గరగా ఉన్న యెన్‌బియెన్ కొరియన్ స్వయంపాలిత ప్రాంతానికి ముఖ్యపట్టణం. అక్కడ కొరియన్ బళ్లున్నాయి, షాపుల బోర్డుల మీద కొరియన్ ఉంటుంది. ఈవిడకి కొరియన్ తల్లిభాష. చదవడం, రాయడం, సామెత పలకడం అన్నీ వచ్చు. ఆ ముసలాయన మంచం కింద నుంచి చక్రాల బల్లలాంటి చిన్న మంచం లాక్కుని రాత్రుళ్లు దాని మీదే పడుకునేది. రెండు గంటలకోసారి లేచి ఆయన్ని పక్కకి తిప్పేది. గొంతులో కఫం తీసేది. పగలు డైపర్లు మార్చి, కారం లేని జావ చెంచాతో పట్టేది. ఇరవై నాలుగ్గంటల డ్యూటీ. కొరియా ఆస్పత్రుల్లో ఇలాంటి పని చేసే ఆడవాళ్లలో జోసన్‌జోక్ చాలామంది.

చూడటానికి వచ్చిన కోడలు ఒకరోజు వరండాలో ఫోన్లో అంటుంటే విన్నాను. ‘మనిషి మంచిదేలే, చైనా మనిషే అయినా.’ ఆయా విననట్టు తువ్వాలు మడతపెట్టుకుంటూ ఉండిపోయింది. ఇక్కడ మాటకి లోటు లేదు, యాస ఒక్కటే తేడా. అయినా ఆవిడ చైనా మనిషి. తర్వాత నాతో మాటల్లో చెప్పింది. యెన్జీలో కూతుర్ని అమ్మమ్మ పెంచిందట. కన్నతల్లి గొంతు ఆ పిల్లకి ఫోన్లోనే ఎక్కువ తెలుసట. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్ల ఇళ్లలో ఇదే కథ విన్నాను. అయితే కువైట్‌లో వాళ్లని ఎవరూ ‘మన రక్తం’ అనలేదు. ఇక్కడ అంటారు, అని డైపర్లు మార్చే పని ఇస్తారు.

అమెరికా నుంచి వచ్చిన నా సహోద్యోగికి మాట సరిగ్గా రాకపోయినా జీతానికీ గౌరవానికీ లోటు లేదు. హోటల్లో ఒక మందలింపుతో సరి. ఈవిడకి మాట పూర్తిగా వచ్చినా లాభం లేదు. సినిమాలైతే మరీ ఘోరం. సియోల్‌లో జోసన్‌జోక్ ఎక్కువగా ఉండే దేరిమ్-దోంగ్‌ని 2017లో వచ్చిన ‘మిడ్‌నైట్ రన్నర్స్’ పోలీసులు కూడా అడుగుపెట్టని నేరాల అడ్డాగా చూపించింది. అక్కడివాళ్లు కోర్టుకెక్కితే, నిర్మాతలు క్షమాపణ చెప్పి రాజీపడాలని 2020లో కోర్టు సూచించింది. నేను శనివారాలు ఆ దేరిమ్‌కి వెళ్లి జీలకర్ర దట్టించి కాల్చిన గొర్రెమాంసం పుల్లలు తింటాను. వీధిలో నాకు ఎదురయ్యేది కూరగాయల బుట్టలు మోసుకెళ్లే అమ్మమ్మలే.

ఈ హెచ్చుతగ్గులు జనం మనసులో మాత్రమే ఉన్నాయనుకుంటే పొరపాటు. చట్టమే వాటిని ముందు గీసింది. 1999లో ప్రవాస కొరియన్ల చట్టం తెచ్చారు. అందులో చుట్టరికానికి పెట్టిన గీత 1948, అంటే కొరియా ప్రభుత్వం ఏర్పడ్డ సంవత్సరం. ఆ తర్వాత వలస వెళ్లినవాళ్లే స్వజనం. ఆ తర్వాత వెళ్లినవాళ్లు ఎక్కువగా అమెరికా దారి పట్టారు. అంతకు ముందు, జపాన్ పాలనలో బతకలేక మంచూరియాకో రష్యాకో పారిపోయినవాళ్లు లెక్కలోకి రాలేదు. ఇది సమానత్వానికి విరుద్ధమని 2001లో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పాక, 2004లో సవరించారు. అయినా వీసాల దగ్గర తేడా మిగిలింది. ప్రవాస కొరియన్లకిచ్చే ఎఫ్-4 వీసా ఉన్నవాళ్లు కూలిపనులు చేయకూడదన్నారు. చైనా, పాత సోవియట్ దేశాల వాళ్ల కోసం 2007లో హెచ్-2 అని ఇంకోటి పెట్టి ఆ పనులకి దాన్ని వాడుకున్నారు. ఒకే ముత్తాత మునిమనవలకి దేశాన్ని బట్టి రెండు కార్డులు ఇచ్చారు.

అమెరికా వాళ్లకీ ఒక చిక్కుంది, సైన్యం. కొడుకు పుట్టేనాటికి అమ్మానాన్నల్లో ఒకరు కొరియా పౌరులై ఉంటే, అమెరికాలో పుట్టినా ఆ అబ్బాయి కొరియా పౌరుడు కూడా. పద్దెనిమిదేళ్లు నిండే ఏడాది మార్చి నెలాఖరులోగా ఆ పౌరసత్వం వదులుకోకపోతే సైనిక సేవ మెడకి చుట్టుకునేది. ఈ గడువు సంగతి తెలియక ఇరుక్కున్న కుర్రాళ్లు చాలామంది. సైన్యంలో చేరతానని చెప్పి 2002లో అమెరికా పౌరసత్వం తీసుకున్న పాప్ గాయకుడు యూ సుంగ్-జున్‌ని దేశంలో అడుగుపెట్టనివ్వలేదు. ఆయన కోర్టుల్లో గెలిచినా జనం కోపం చల్లారలేదు. అదే 2018 ప్యోంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో కాలిఫోర్నియా అమ్మాయి క్లోయీ కిమ్ అమెరికా తరఫున స్నోబోర్డింగ్‌లో స్వర్ణం గెలిస్తే, ఇక్కడి టీవీలన్నీ మా పిల్లే అన్నాయి. పతకం తెచ్చినప్పుడు చుట్టరికం వెతుక్కోవడం మనకీ కొత్త కాదు. సిరాక్యూస్‌లో పుట్టిన నీనా దావులూరి మిస్ అమెరికా అయిన రోజు బెజవాడ అంతా మా అమ్మాయి అనలేదూ?

మేముండేది అన్సాన్‌లో. ఇక్కడ సొన్‌బు-దోంగ్‌లో తెట్‌గోల్ అనే పేట ఉంది, కొర్యో సారం పేట. ఓసారి ఆ వీధిలో నడుస్తుంటే కాగిన నూనెలో వెల్లుల్లి, ధనియాలు పడ్డ వాసన తగిలింది. కొరియా వంటల్లో ధనియాలు వేయరు. మా ఇంటి తాలింపు వాసన ఇక్కడికెలా వచ్చిందా అని లోపలికి వెళ్లాను. తాష్కెంట్ నుంచి వచ్చిన పెద్దావిడ క్యారెట్ సన్నగా, దారాల్లా తరిగి, వెనిగర్ చల్లి, ధనియాలపొడి మీద కాగిన నూనె పోస్తోంది. పేరు మొర్కోవ్‌చా. 1937లో స్టాలిన్ రష్యా తూర్పు కొస నుంచి లక్షా డెబ్భై వేల మందికి పైగా కొరియన్లని రైళ్లలో కుక్కి కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ మైదానాల్లో దించేశాడు. అక్కడ కిమ్చీ క్యాబేజీ దొరక్క క్యారెట్‌తో చేసుకున్నారు. ‘ఇదే కొరియా వంట అనుకుంటూ పెరిగామండీ. ఇక్కడికొచ్చి చూస్తే ఒక్కరికీ తెలీదు’ అని నవ్వింది. మా ఇద్దరి కొరియన్ ఇంచుమించు ఒకే స్థాయి, అందుకే ఒకరికొకరం బాగా అర్థమవుతాం. అక్కడ ఆవిడ లెక్కల టీచరు. ఇక్కడ మొదట బాన్‌వల్ పారిశ్రామికవాడలో కారు విడిభాగాలు ఏరింది. తెల్లవారుజామున ఐదింటికి కూలీల ఏజెన్సీ ముందు నిలబడితే వ్యాను వచ్చి ఎక్కించుకుపోయేదట. రొట్టెల కొట్టు పెట్టుకుంది ఈమధ్యే.

స్వాతంత్ర్యం కోసం జపాన్ మీద పోరాడి, 1943లో కజకిస్తాన్‌లో కన్నుమూసిన హాంగ్ బొమ్-దో కూడా కొర్యో సారమే. 2021లో ఆయన అస్థికల్ని వైమానికదళ విమానంలో, యుద్ధవిమానాల తోడుతో తెచ్చి తేజాన్ జాతీయ శ్మశానంలో ఖననం చేశారు. రెండేళ్లు తిరిగేసరికి, ఆయన సోవియట్ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడని చెప్పి సైనిక అకాడమీ ఆయన విగ్రహాన్ని తరలిస్తామంది. దేశమంతా గొడవైంది. చచ్చిపోయిన వీరుడికే ఇన్ని పరీక్షలైతే, అన్సాన్‌లో రొట్టెలమ్ముకునే ఆవిడ గతేంటి?

మంచీ ఉంది, చెప్పాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు అక్కడ చిక్కుకున్న కొర్యో కుటుంబాల కోసం గ్వాంగ్జులోని కొర్యో పేట వాళ్లు చందాలు పోగేసి విమానం టికెట్లు కొని రప్పించుకున్నారు. 2019 దాకా ఎఫ్-4 వీసా మూడో తరం వరకే ఉండేది. నాలుగో తరం పిల్లలు పెద్దవాళ్లు కాగానే అమ్మానాన్నల్ని ఇక్కడే వదిలి వెళ్లాల్సి వచ్చేది. పోరాడితే ఆ గీత చెరిపేశారు.

ఆ రొట్టెల కొట్టావిడ మనవరాలు మా అమ్మాయి తరగతే. కొత్తగా వచ్చిన పిల్లకి రష్యన్ తప్ప ఇంకేం రాదు. మా వాడలో మాటలు నేర్చిన మా అమ్మాయికి కొరియన్ మంచినీళ్లప్రాయం. టీచరు ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టింది. కొరియా మొహమున్న పిల్లకి, తెలుగు మొహమున్న పిల్ల బొమ్మలు గీసి కొరియన్ చెప్తోంది. అయితే ఆ పిల్లకి ముత్తాత పేరు మీద ఎఫ్-4 వస్తుంది. మా అమ్మాయి డిపెండెంట్ వీసా గడువు తీరాక చదువో ఉద్యోగమో చూపించి సొంత వీసా తెచ్చుకోవాలి. ఎంత బాగా మాట్లాడినా మెప్పే తప్ప హక్కు రాదు. ఆ పిల్లకి హక్కు ముందొచ్చింది, మెప్పు ఎప్పుడొస్తుందో.

మా అమ్మాయి అసలు పరీక్ష మా ఊరు తెనాలిలో ఉంది. మనవాళ్లూ తక్కువ తినలేదు. ఓ తెల్లావిడ ‘బాగున్నారా’ అంటే ఆ వీడియో ఊరంతా తిప్పుతారు. డాలస్ నుంచి వచ్చిన అక్క కూతురు ‘ళ’ని ‘ల’ అంటే మాత్రం ‘ఏం పెంచారమ్మా’ అని తల్లిని దెప్పుతారు. అందుకే ఈ సెలవులకి ముందు అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ‘అది తప్పు మాట్లాడితే దిద్దమ్మా, నవ్వకండి. అన్నయ్య పిల్లలకీ చెప్పు.’

‘చోద్యం చెప్తావేంట్రా’ అంది అమ్మ. ‘మనవరాలి మాటకి నవ్వకపోతే ఎవరి మాటకి నవ్వుతాం? వీధిలో పోయేవాళ్లని చూసి నవ్వుతామా?’

అమ్మ మాటలో న్యాయం ఉంది. నవ్వడం, మందలించడం చుట్టరికంలో భాగమే. హోటల్లో పెద్దావిడ నా సహోద్యోగిని కసిరింది కూడా వాడు మనవాడనుకునే. చుట్టరికాన్ని మందలింపు దగ్గరే ఆపేసి, జీతం దగ్గర, అద్దెకి ఇల్లిచ్చే దగ్గర, బడిలో బెంచీ దగ్గర పరాయివాళ్లని చేస్తేనే అన్యాయం. మనవాళ్లని తిట్టే హక్కు కావాలంటే మనవాళ్లకి పెట్టాల్సినవన్నీ పెట్టాలి. కొరియా ఆ బాకీని ఇప్పుడిప్పుడే, దేశాన్ని బట్టి వాయిదాల్లో తీరుస్తోంది. మన పిల్లలూ తిరిగి రావడం మొదలుపెడితే మనకీ ఆ లెక్క తప్పదు.