రేగడి దారి

వాన కోసం ఎదురుచూడడం రాయలసీమ రైతుకు పుట్టుకతో వచ్చిన విద్య. వచ్చిన వానను దాటి పంటతో ఇల్లు చేరడం మరొక విద్య. మొదటిదానిని ఆకాశం నేర్పుతుంది. రెండవదానిని నేల నేర్పుతుంది. జమ్మలమడుగు ప్రాంతంలో ఆ పాఠం చెప్పే నేల నల్లరేగడి.

జమ్మలమడుగు పెన్నానది ఒడ్డున వెలసిన పట్టణం. దానికి పడమటగా, ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న ప్రవహించే చోట గండికోట ఉన్నది. అక్కడ ఎటు చూచినా రాయే. కోటను మాత్రమే చూచి వెనుదిరిగినవారు ఈ సీమ యావత్తూ రాతిమయమని భావిస్తారు. కాని పట్టణం దాటి పెద్దముడియం వైపు సాగితే దృశ్యం మారిపోతుంది. కుందూనది పరీవాహక ప్రాంతంలో కనుచూపుమేర నల్లని నేల పరచుకొని ఉంటుంది. జొన్న, పత్తి, శనగ ఆ నేలకు అలవాటైన పంటలు. వేసవిలో ఆ నేల చేయి దూరేంత బీటలు వారుతుంది. నాలుగు వానలు పడగానే ఆ బీటలన్నీ మూసుకొని, కాలు మోపితే చెప్పును లాగేసుకొనే బంకమట్టిగా మారుతుంది.

ఒక కార్తిక మాసంలో ఆ నేలపై ఒక పత్తి లారీ దిగబడింది. బంగాళాఖాతంలో తుఫాను పుట్టినదని రేడియో చెప్పిన మరునాటి మాట అది. ఒక రైతు తొలి విడత తీసిన పత్తిని చేలోనే కుప్ప పోసి ఉంచాడు. దానిని ప్రొద్దుటూరు చేర్చి అమ్మితే గాని ఎరువుల అప్పు తీరదు. పత్తిని ఎడ్లబండ్ల మీద తారురోడ్డు వరకు చేర్చి, అక్కడ లారీకి ఎక్కించడం ఆ ఊరి ఆనవాయితీ. అట్లు చేస్తే కూలి రెండుమార్లు ఇవ్వవలసి వస్తుంది. రైతు కుమారుడు జమ్మలమడుగులో ఇంటర్మీడియట్ చదువుతున్న యువకుడు. లారీని నేరుగా చేని వద్దకే తెస్తే ఒక కూలి మిగులుతుందని అతడు లెక్క వేసి చెప్పాడు. కాగితం మీద ఆ లెక్క తప్పు కాదు.

లారీ వచ్చేటప్పుడు ఖాళీగా ఉన్నందున రస్తా దానిని మోసింది. మధ్యాహ్నానికి పత్తి మూటలు నిండాయి. అంతలో గంటసేపు వాన కురిసింది. టార్పాలిన్ కప్పి, వాన వెలిసిన తరువాత బయలుదేరిన లారీ రెండు వందల గజాలు కూడా సాగలేదు. రస్తా పల్లానికి దిగేచోట నీరు మడుగు కట్టి ఉన్నది. ముందు చక్రాలు దాటాయి. వెనుక చక్రాలు ఒక్కసారి కూలబడ్డాయి.

డ్రైవరు చేసిన మొదటి పని, అటువంటి స్థితిలో అందరూ చేసేదే. యాక్సిలేటరును బలంగా తొక్కాడు. ఇంజను గర్జించింది. చక్రం గిరగిర తిరుగుతూ వెనుక నిలిచినవారి మీద బురద చిమ్మింది. లారీ మాత్రం ముందుకు కదలక, జానెడు కిందికి దిగింది. మరల తొక్కాడు. మరొక జానెడు దిగింది. మూడవసారికి ఇరుసు బురదను తాకింది.

భౌతికశాస్త్రం చదివినవానికి ఇందులోని రహస్యం తెలియనిది కాదు. చక్రం బండిని ముందుకు నడిపేది తన బలంతో మాత్రమే కాదు, నేలతో తనకు గల ఘర్షణ వల్ల. నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను ఉంటుంది. దాని సన్నని పొరల నడుమ నీరు చేరితే అది ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. తడిసిన ఆ మన్ను టైరు మీది గాళ్లన్నిటినీ పూడ్చివేసి, దానిని నున్నని ఉండగా మార్చుతుంది. అప్పుడు ఘర్షణకు ఆధారం ఉండదు. పైగా లారీ వెనుక ఇరుసులోని పళ్లచక్రాల అమరిక ఎట్టిదంటే, ఒక వైపు చక్రానికి పట్టు తప్పితే అదే వేగంగా తిరుగుతుంది, పట్టు దొరికిన రెండవ వైపు చక్రం కదలక నిలిచిపోతుంది. ఇక ఎంత బలం ప్రయోగించినా ఆ బలం గుంత తవ్వడానికే వినియోగమవుతుంది.

ఊరి నుండి ఒక ట్రాక్టరు వచ్చింది. గొలుసు బిగించి లాగారు. ట్రాక్టరు చక్రాలు జారాయి, గొలుసు తెగింది. తెగిన కొన ఒక మనిషి మోకాలికి మూరెడు దూరంలో పోయి పడింది. అందరూ ఒక్కక్షణం మాట లేక నిలబడ్డారు. ఈశాన్యాన మబ్బు మరల నల్లబడుతున్నది.

అప్పటివరకు గట్టు మీద కూర్చొని చూస్తున్న ఒక వృద్ధుడు లేచి వచ్చాడు. ఆయన యౌవనంలో ఆ దారినే ఎడ్లబండి తోలినవాడు. "ఆపప్పా, ఇంజను ఆపు. నువ్వు తొక్కేకొద్దీ అది కిందికే పోతాంది" అని డ్రైవరుతో అన్నాడు. తరువాత చేయవలసినది ఒక్కొక్కటిగా చెప్పాడు. ముందు బరువు దించాలి. చక్రాల ముందరి మట్టిని ఏటవాలుగా తవ్వాలి. ఇరుసు కింది బురదను తీసివేయాలి. నిలిచిన నీటికి దారి చూపాలి. అటు తరువాత చక్రం కింద గట్టిది ఏదైనా పరచాలి. ఆయన చెప్పినదానిలో లాగడం అన్నింటికన్న చివరిది.

టార్పాలిన్‌లో సగం గట్టు మీద పరచి సగం మూటలు దించారు. కంది కట్టె, సర్కారు తుమ్మ కంప నరికి తెచ్చి గుంతలో తొక్కారు. అవి బురదలో మునిగిపోయాయి. రాళ్లు కావాలి. రాతికి పేరుపొందిన జమ్మలమడుగు సీమలో, ఆ రేగడి చేలలో మాత్రం వెదకినా గులకరాయి దొరకదు.

ఊరి చివర ఒక ఇల్లాలు కొత్త ఇంటి గచ్చు కోసం కొన్న కడప బండలు గోడకు చేరవేసి ఉన్నాయి. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా అడగడానికి రైతు నోరు పెగలలేదు. దానికి కారణం ఉన్నది. లారీ దిగబడిన చోట పూర్వం రస్తా పక్కన ఒక పిల్లకాలువ ఉండేది. వాననీరు దాని గుండా వంకలోకి పోయేది. కొన్నేళ్ల కిందట ఆ రైతు తన చేనిని రెండు సాళ్లు ముందుకు జరిపి దున్నాడు. కాలువ పూడిపోయింది. ఆవల చేను గల ఆ ఇల్లాలు, కాలువ వదలమని నాడు రెండుమార్లు వచ్చి అడిగింది. అతడు వినలేదు. ఈనాడు లారీని మింగిన మడుగు ఆ రెండు సాళ్ల వల్ల పుట్టినదే.

ఎవరు చెప్పారో గాని, కబురు ఆమెకు చేరింది. ఆమె స్వయంగా వచ్చింది. మడుగును చూచింది, గట్టు మీది పత్తిని చూచింది, మబ్బును చూచింది. కాలువ మాట ఎత్తలేదు. "నా బండలు తీసకపోన్నా. పగిలితే ఎర్రగుంట్లలో మళ్లీ దొరుకుతాయి. పత్తి తడిస్తే నీకు యాడ దొరుకుతాది?" అన్నది. లారీని లాగలేకపోయిన ట్రాక్టరు ఇప్పుడు బండలు మోసుకొని వచ్చింది.

కంప మీద బండలు పరిచారు. కొత్త గొలుసు కట్టి, అందరినీ దూరంగా నిలబెట్టారు. డ్రైవరు ఈసారి యాక్సిలేటరును తొక్కలేదు, పాదం ఆనించాడు. తక్కువ గేరులో ఇంజను నెమ్మదిగా పలికింది. చక్రం బండ అంచును పట్టుకున్నది. ఒక బండ పటుక్కున పగిలింది, రెండవది నిలిచింది. లారీ వృద్ధుని నడక వలె కదిలి, గుంత ఎక్కి, గట్టినేల చేరింది. ఆనాటి రాత్రి వాన మొదలయ్యేసరికి పత్తి ప్రొద్దుటూరు దారిలో ఉన్నది.

ఈ కష్టం ఒక్క రేగడి సీమదే కాదు. 1941 సంవత్సరపు శరదృతువులో రష్యా మీదికి దండెత్తిన జర్మనీ సేనల లారీలు, ఫిరంగి బండ్లు ఆ దేశపు బురదలో రోజుల తరబడి కూరుకుపోయాయి. రష్యావారు అట్టి కాలానికి ప్రత్యేకంగా రస్పుతిత్స అని పేరు పెట్టుకున్నారు. మంచు కురిసే దేశాలలో అడవి దారులలో వెళ్లే వాహనాల వారు టైర్లకు ఇనుప గొలుసులు చుట్టుకుంటారు, వెంట ఒక పార ఉంచుకుంటారు. నేల ఏదైనా, మంచు అయినా బురద అయినా, సూత్రం ఒక్కటే. జారే చక్రానికి వేగం కన్న ముందు కింద ఆనిక కావాలి.

మన దేశంలో 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, మైదాన ప్రాంతాలలో 500 జనాభా దాటిన ఊళ్లకు అన్ని కాలాలలో నడిచే రోడ్లు వేయడం లక్ష్యంగా పెట్టుకున్నది. పొరుగున ఉన్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న మొదలైన ఉపాధి హామీ పథకం కింద పొలాల దారులకు కూడా మట్టి పనులు జరిగాయి. కాని ఏ ఇంజనీరునడిగినా రేగడి మీది రోడ్డుకు మొదటి నియమం ఒక్కటే చెప్తాడు. దారి ఎత్తుగా ఉండాలి, పక్కన నీరు పోయే కాలువ తెరిచి ఉండాలి. ఎంత గరుసు పోసినా, కాలువ మూసిన దారి మరుసటి వానకు మడుగవుతుంది.

రేగడిని నిందించడం న్యాయం కాదు. చక్రాన్ని పట్టి వదలని ఆ గుణమే, వానలు వెళ్లిపోయిన తరువాత తేమను వదలకుండా దాచి, మంచుకాలంలో శనగ పంటను పోషిస్తుంది. నేల తన స్వభావాన్ని ఎన్నడూ దాచలేదు. దానికి అనుగుణంగా నడుచుకోవడమే మనిషి వంతు.

పత్తి అమ్మి వచ్చిన రైతు మొదట ఎర్రగుంట్లకు పోయి, పగిలినవాటికి బదులు బండలు తెచ్చి ఆ ఇంటి గోడకు చేర్చాడు. మూడవనాడు వాన తెరపి ఇవ్వగానే, తండ్రీ కొడుకులు పలుగు, పార పట్టుకొని చేనికి పోయారు. మొలక నిలిచిన రెండు సాళ్లను తవ్వి, పూడిన కాలువను తెరిచారు. మడుగులోని నీరు నెమ్మదిగా వంకవైపు కదిలింది. పగిలిన బండల ముక్కలను ఎవరూ తీయలేదు. అవి ఆ రస్తాలోనే ఉండిపోయాయి. మరుసటి ఏడు ఆ ఇల్లాలి శనగల బండి వాటి మీదుగానే ఇల్లు చేరింది.