మోటారును ఎన్నుకొనుటలో నేను చేసిన తప్పు



గత సంవత్సరము మన పాఠశాలలో జరిగిన వైజ్ఞానిక ప్రదర్శనమునకు దయచేసినవారిలో పెక్కుమందికి తొమ్మిదవ తరగతి పిల్లలు నిర్మించిన ప్రకాశం బ్యారేజి నమూనా జ్ఞాపకముండియే యుండును. అది అందరి యెదుట ఆగిపోయినది గనుక మరింత జ్ఞాపకముండును. ఆ దినమున జరిగినదానిలో నా పాలు ఎంతయో వ్రాయుట న్యాయమని తోచినది. అది వ్రాయవలెనన్న, యంత్రపు బొమ్మలకు గేరు సర్వో మోటారును, దానిని చేయు కంపెనీని ఎట్లు ఎన్నుకొనవలెనో కూడ చెప్పక తప్పదు.

ఈ నమూనా తలంపు పిల్లలదే. 2024వ సంవత్సరము సెప్టెంబరు నెల ఆరంభమున కృష్ణకు వచ్చిన వరదను మనమెవ్వరమును మరువజాలము. పదునొకండు లక్షల క్యూసెక్కులకు పైబడిన నీరు బ్యారేజి డెబ్బది తలుపులగుండ పోయినది. కొట్టుకొనివచ్చిన పడవలు తగిలి కొన్ని తలుపుల బరువు దిమ్మెలు దెబ్బతినెను. నీటిమట్టము పెరుగగానే తనంతట తానే లేచు తలుపును చేసి చూపవలెనని పిల్లలు పట్టుపట్టిరి. రేకు తలుపునకు త్రాడు కట్టి, ఆ త్రాటిని ఒక చిన్న చక్రమునకు చుట్టి, చక్రమును సర్వో మోటారుతో త్రిప్పుట వారి ఉపాయము.

సర్వో మోటారన నేమో ఎఱుగనివారికి రెండు మాటలు. మన డెల్టాలో కాలువ లాకుల కడ లస్కరు ఇనుప మరను చేతితో త్రిప్పుచుండగా చూచియుందురు. అతడు ఎన్నియో చుట్లు త్రిప్పినచో తలుపు కొన్ని అంగుళములు మాత్రమే లేచును. అయినను ఒక్క మనిషి బలముతో అంత బరువు కదలును. సర్వోలోని గేర్లు చేయు పనియు నదియే. లోపలి చిన్న మోటారు మిక్కిలి వేగముగా, మిక్కిలి బలహీనముగా తిరుగును. పండ్ల చక్రములు ఒకదానికొకటి తగిలి ఆ వేగమును తగ్గించి బలమును పెంచును. చివరి చక్రము ఎచ్చట నున్నదో కనిపెట్టుటకు లోపల ఒక చిన్న సాధనము కలదు. మనము పంపు విద్యుత్ సంకేతము సెకనుకు ఏబదిమారులు పోవును. అది ఒక్కొక్కమారు ఒక మిల్లీసెకను ఉన్నచో చేయి ఒక ప్రక్కకు, రెండున్నచో రెండవ ప్రక్కకు, ఒకటిన్నర యున్నచో నడుమకు వచ్చి నిలుచును. ఇంతే దాని విద్య.

మోటార్లు కొనువేళ మా యెదుట రెండు మార్గములుండెను. ఒక కంపెనీ తన మోటారును గూర్చి పూర్తి వివరముల కాగితము నిచ్చుచున్నది, ధర యెక్కువ. రెండవది ఎవరు చేసినదో తెలియని సరుకు. మొదటివానిలో రెండింటి వెలకు ఇవి పది వచ్చును. ఇంటర్నెట్టులో బొమ్మ చూచి నేను పది తెప్పించితిని. పాఠశాల సొమ్ము మిగిల్చితినని కొంత గర్వించితిని కూడ. అప్పుడు ఆ జట్టులోని ఒక బాలిక, "మాస్టారూ, దీనిమీద బలము రెండు అని వేశారు గాని, ఎన్ని వోల్టులకో వేయలేదండీ" అని అన్నది. ఎన్నియైన నేమి, మన తలుపునకు చాలునులే యంటిని.

ఆమె ప్రశ్న ఎంత సరియైనదో ఇప్పుడు చెప్పెదను. సర్వోల బలమును కిలోగ్రాము-సెంటీమీటర్లలో చెప్పుదురు. రెండు అనగా, ఇరుసునుండి ఒక సెంటీమీటరు దూరమున రెండు కిలోల బరువును, రెండు సెంటీమీటర్ల దూరమున ఒక కిలోను ఆపగల దన్నమాట. ఆ అంకె వోల్టేజిని బట్టి మారును. ఆరు వోల్టుల కడ చెప్పిన బలము అయిదు వోల్టుల కడ రాదు. అంతేగాక అది మోటారు ఇక కదలలేక ఆగిపోవునప్పటి బలము. రోజంతయు పనిచేయుటకు అందులో మూడవవంతునకు మించి ఆశింపరాదు. మా తలుపు బరువు ఆరువందల గ్రాములు, చక్రపు వ్యాసార్ధము రెండు సెంటీమీటర్లు. కావలసినది 1.2. చీటిపై నున్నది 2. తీసివేత మాత్రము చేసి సంతోషించితిని. భౌతికశాస్త్రము బోధించువాడను, శిక్షణ కళాశాలలో పాఠ్యప్రణాళికలు వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడను!

ప్రదర్శనమునాడు తలుపు మూడుమారులు లేచెను. నాలుగవమారు అతిథులు చూచుచుండగా మోటారు గురగురలాడి నిలిచిపోయినది. తలుపు టప్పున పడెను. నాకు సిగ్గు ముంచుకొనివచ్చినది. ఆ సిగ్గులో, "తీగలు సరిగా కలుపలేదు. నీకు చెప్పితిని గదా!" అని ఆ బాలికను అందరిలో గద్దించితిని. ఆమె తల్లిదండ్రులు అచ్చటనే యుండిరి. ఆమె మారు పలుకక తీగలన్నియు విప్పి మరల కలిపినది. మోటారు కదలలేదు.

ఆమె తండ్రి ఆటోనగరులో లారీల గేరుపెట్టెలు బాగుచేయు పనివారు. మరునాటి సాయంకాలము ఆయన ఆ మోటారును ఒక కాగితములో చుట్టి మా యింటికి తెచ్చిరి. నాలుగు మరలు విప్పి, మూత తీసి, దీపము క్రింద పెట్టి చూపిరి. మూడవ చక్రమునకు రెండు పండ్లు లేవు. "మాస్టారండీ, పన్ను అరిగింది కాదు, విరిగింది. ఇది ఇత్తడి అని చెప్పి ఇచ్చారేమో, పైచక్రం ఒక్కటే ఇత్తడి. లోపలివన్నీ ప్లాస్టిక్కు. గేరుపెట్టెకి పైన మెరిసేది కాదండీ, లోపల బక్కదే లెక్క" అనిరి. తరువాత కొంచెమాగి, "పిల్ల కలిపిన తీగల్లో తప్పు లేదండీ, నేనూ చూశాను" అనిరి. నన్ను ఒక్క మాట నిష్ఠూర మాడలేదు. ఆడియుండినచో నాకు సులభముగా నుండెడిది.

ఆ వారమంతయు బడి ముగిసిన పిమ్మట పిల్లలతో కలిసి మిగిలిన తొమ్మిది మోటార్లను పరీక్షించితిని. రెండు సెంటీమీటర్ల చక్రమునకు త్రాడు కట్టి, నూరేసి గ్రాముల చొప్పున బరువు పెంచుచు వచ్చితిమి. ఒకటి ఏడువందల గ్రాములు లేపినది, ఒకటి అయిదువందలకే ఆగినది, ఒకటి అసలు కదలలేదు. ఏ రెండును ఒక తీరున లేవు. తరువాత నా జీతములోనుండి మొదటి కంపెనీవి రెండు తెప్పించితిని. అవి కాగితములో వ్రాసిన అంకెకు చాల దగ్గరగా వచ్చినవి; అంతకంటె ముఖ్యముగా, రెండును ఒకే విధముగా వచ్చినవి. మంచి తయారీదారునకు గుర్తేది యని నన్నడిగినచో ఇదియే చెప్పుదును. ఒక మంచి మోటారు ఎవరైనను చేయగలరు. వేయవదియు మొదటిదానివలె నుండునట్లు చేయుటకు కొలతలు, పరీక్షలు, లోపమున్నదానిని పారవేయు ధైర్యము కావలెను. ధర యెక్కువగుట అందుకే.

జపాను దేశపు ఫుటాబా, కొరియా దేశపు హైటెక్, రోబోటిస్ వంటివారు ఒక్కొక్క రకమునకు ఏ వోల్టేజికి ఎంత బలము, ఎంత వేగము, ఎంత బరువు అని ప్రకటింతురు. కొన్ని రకములకు గేర్లు విడిగా దొరకును. పన్ను విరిగినచో మోటారంతయు పారవేయ నక్కరలేదు. స్విట్జర్లాండు దేశపు మాక్సన్ మోటార్లు 1997లో అంగారకునిపై దిగిన సోజర్నర్ బండిని నడిపినవి. అచ్చట ఆటోనగరు లేదు గదా! అయితే బడిపిల్లల పనికి అంత వెలగలవి కావలెనని నేననను. నూరు నూటయేబది రూపాయలకు దొరకు తొమ్మిది గ్రాముల ప్లాస్టిక్కు గేర్ల సర్వో, అట్టబొమ్మ చేయి ఊపుటకు చక్కగా సరిపోవును. ఏ రకమైనను పది కొనుటకు ముందు ఒకటి కొని, బరువు కట్టి చూచి, విప్పి చూడుడు. పేరుపడిన ముద్రను ఇతరుల సరుకుపై అంటించి అమ్మువారు కూడ నున్నారు గనుక, చీటిని నమ్మకుడు.

పరీక్షలు ముగిసిన మరునాడు ఉదయమున తరగతి యంతటియెదుట ఆ విరిగిన చక్రమును చూపి, తప్పు నాదని, ఆ బాలికది కాదని చెప్పితిని. అందరిలో గద్దించినవాడు అందరిలోనే చెప్పవలెను గదా. ఆమె తల వంచుకొని, "ఫరవాలేదు మాస్టారూ" అని, వెంటనే, "తలుపుకి ఎదురు బరువు కడదామండీ, అసలు బ్యారేజికి ఉన్నట్టు" అన్నది. నాలుగువందల ఏబది గ్రాముల దిమ్మెను రెండవ ప్రక్క వ్రేలాడదీసితిమి. మోటారు మోయవలసిన భారము 1.2 నుండి 0.3కు దిగినది. ఈ ఆలోచన మొదటనే నాకు రావలసినది. వరదలో దెబ్బతిన్న దిమ్మెలను గూర్చి అన్ని పత్రికలు చదివియుంటిని!

ఈ సంవత్సరపు ప్రదర్శనములో ఆ తలుపు అరువది రెండు మారులు లేచి దిగినది. పిల్లలు నల్లబల్లపై గీతలు గీచి లెక్కపెట్టిరి. అరువది మూడవమారు కరెంటు పోయినది.