మిల్లు పిల్ల, అంతరిక్షం, పార్లమెంటు

గ్రూపులో ఇంత పెద్ద పోస్టు రాయడం నాకు ఇదే మొదటిసారి. తప్పులుంటే ఏమనుకోకండి.

మా హాస్టల్లో గ్రూప్స్‌కి చదివే అక్కలు ఒక బిట్టు బట్టీ పడుతుంటారు: అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మహిళ, వాలెంటీనా తెరిష్కోవా, 1963. నాకు ఆ ఒక్క లైను చాలక సెల్లులో వెతికి చదివా.

ఆమె 1937లో రష్యాలోని యారోస్లావల్ దగ్గర ఒక చిన్న పల్లెలో పుట్టింది. తండ్రి ట్రాక్టర్ డ్రైవర్. ఆమె చంటిపిల్లగా ఉన్నప్పుడే ఫిన్లాండ్‌తో జరిగిన యుద్ధంలో పోయాడు. తల్లి బట్టల మిల్లులో పనిచేసి ముగ్గురు పిల్లల్ని సాకింది. ఈమె కూడా టైర్ల ఫ్యాక్టరీలో, తర్వాత బట్టల మిల్లులో పనిచేస్తూనే దూరవిద్యలో చదువుకుంది. 1959లో సరదాగా పారాచూట్ దూకడం మొదలుపెట్టింది. అదే అక్కరకొచ్చింది. ఎందుకంటే వోస్తోక్ నౌకలో వెళ్లినోళ్లు దిగేటప్పుడు మధ్యలోనే బయటికొచ్చి పారాచూట్‌తో నేల మీదికి రావాలి.

ట్రైనింగు రహస్యం కాబట్టి, పారాచూట్ పోటీలకు పోతున్నానని అమ్మకు అబద్ధం చెప్పింది. కూతురు ఆకాశంలో ఉందని ప్రభుత్వం ప్రకటించాకే ఆ తల్లికి తెలిసింది. ఇక్కడ కాసేపు చదవడం ఆపేశా. నేనూ పోడు పనుల టైంలో, సర్టిఫికెట్ల పని ఉంది, రెండు రోజుల్లో వస్తా అని అమ్మకు చెప్పి వచ్చి కాలేజీలో చేరినదాన్నే.

జూన్ 16న ఎగిరింది. దాదాపు 71 గంటల్లో భూమి చుట్టూ 48 సార్లు తిరిగింది, ఒక్కతే. పైన ఉండగా ఒక తప్పు కనిపెట్టింది. నౌకను కిందికి దించాల్సిన ఏర్పాటు ఇంకా పైకి తీసుకుపోయేలా ఉంది. ఆమె చెప్తే కింద ఉన్నవాళ్లు సరిచేశారు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని పెద్ద ఇంజనీరు కొరొల్యోవ్ అడిగాడంట. దశాబ్దాల పాటు చెప్పలేదు. ఈలోగా ఆమె సరిగ్గా చేయలేదని మాటలు పడింది. ఇంకో మహిళ పైకి వెళ్లడానికి 19 ఏళ్లు పట్టింది.

తర్వాత రాజకీయాలు. సోవియట్ పార్లమెంటు సభ్యురాలైంది, చాలా ఏళ్లు సోవియట్ మహిళల కమిటీకి అధ్యక్షురాలిగా ఉంది. 2011లో రష్యా పార్లమెంటు దూమాకి వచ్చింది. 2020 మార్చిలో, 83 ఏళ్ల వయసులో లేచి నిలబడి, పుతిన్ అంతకుముందు చేసిన పదవీకాలాలు లెక్కలోకి రాకుండా చేయాలని అడిగింది. అలాగే రాజ్యాంగం మారింది. ఆయన 2036 దాకా ఉండొచ్చు.

ఇది చదివాక నాకు మనసు బాలేదు. మిల్లులో దారం పట్టిన చేయి ఇందుకా ఎత్తింది అనిపించింది. మా రూమ్‌మేట్ మాత్రం, అంత పైకి తీసుకెళ్లినోళ్లకి ఎదురు చెప్తారా ఎవరన్నా, అంది.

ఆమెని అనడానికి నేనెవర్ని? పోయినేడు పెద్ద సారు తనిఖీకి వచ్చి నీళ్లు వస్తున్నాయా అమ్మా అని అడిగితే, వస్తున్నాయి సార్ అన్నా. అప్పటికి మూడు రోజులుగా బోరింగు కాడికి బకెట్లు మోస్తున్నాం. అలా చెప్పమని మాకు ముందే చెప్పారు. సీటు పోతుందని భయం.

వచ్చే నెల మళ్లీ తనిఖీ అంటున్నారు. ఈసారి నీళ్ల సంగతి కాగితం మీద రాసి పెట్టుకున్నా. రూమ్‌మేట్ చదివి, ముందు నీ పేరు కొట్టెయ్ అంది. ఇంకా కొట్టెయ్యలేదు.