రాయకోట బల్ల మీద సూక్ష్మయంత్రం

సూక్ష్మయంత్రాల మీద రాయమని సంపాదకులు అడిగినప్పుడు తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోని రాయకోటకు వెళ్లాను. దుర్గం కింద, టమాటా బండ్లు తిరిగే వీధిలో వాచీలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. కంటికి భూతద్దం బిగించి, వెంట్రుక కన్నా సన్నని రాగితీగ తెగిన కొసను శ్రావణం మొనతో వెతుకుతున్నాడు. ఊపిరి వదిలాకే చెయ్యి కదుపుతాడు. “కొత్త మిషన్ ఏసేయ్ అన్నా” అన్నాడు వాచీ తెచ్చిన కుర్రాడు. “ఏసేది పెద్ద పని కాదు నాయనా. ఇది నేర్చుకునేదానికే ఎవురూ రారు.” ఆ ఫిర్యాదును ముసలితనపు గొణుగుడుగా తీసిపారేయలేం. నానో సాంకేతికత గురించి మనం వేస్తున్న ప్రణాళికల్లో పెద్ద లోటు అదే.

ఆ వాచీలోని క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. చిప్ ఆ లెక్కను వరసగా 15 సార్లు సగం చేస్తే ఒక్క టిక్కు మిగులుతుంది. ఆ చిన్న ముక్కను కాంతితో అచ్చువేసి రసాయనంతో చెక్కుతారు. ఫోను తిప్పితే తెర తిప్పే సెన్సర్‌దీ, కారు గుద్దుకోగానే గాలిసంచి తెరిపించే సెన్సర్‌దీ అదే విద్య. ఈ విద్య ఈ ప్రాంతానికి కొత్త కాదు. టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి 1984లో స్థాపించిన టైటన్ హోసూరులోనే వాచీలు చేసింది. 2002లో అది తెచ్చిన ఎడ్జ్ వాచీ మందం 3.5 మిల్లీమీటర్లు, లోపలి యంత్రానిది 1.15 మిల్లీమీటర్లే.

అణువుల స్థాయికి దిగాక చేతికేం పని అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అంగుళంలో 64వ వంతుకు మించని మోటారు చేస్తే వెయ్యి డాలర్లిస్తానని 1959లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ప్రకటించాడు. మరుసటి ఏడాదే విలియం మెక్‌లెల్లన్ అనే ఇంజనీరు వాచీ పనివాళ్ల లేతు, సూక్ష్మదర్శిని, పంటిపుల్లలతో చేసి చూపించాడు. కొత్త పద్ధతి పుట్టలేదని ఫైన్‌మన్ నిరాశపడ్డాడు. నిజంగానే ఆ తర్వాతి దారి కాంతి, రసాయనాలదే అయింది. అయినా చెక్కిన సిలికాన్ ముక్క తనంతట తాను పరికరం కాదు. దానికి పాతిక మైక్రాన్ల బంగారు తీగ అతకాలి, డబ్బాలో మూయాలి, చెడితే ఎక్కడ చెడిందో కనిపెట్టాలి. భారీ ఫ్యాక్టరీల్లో ఈ పని యంత్రాలు చేస్తాయి. ప్రయోగశాలలో మొదటి నమూనాలకు మాత్రం ఇప్పటికీ సూక్ష్మదర్శిని ముందు మనిషి కూర్చోవాల్సిందే. మన దేశంలో 2007లో వెయ్యి కోట్ల రూపాయలతో మొదలైన కేంద్ర ప్రభుత్వ నానో మిషన్ పరిశోధనకు, పరికరాలకు దారి వేసింది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో నానో కేంద్రం నిలబడింది. రాయకోట సంతకు ఆ విద్య అక్కరలేనిది కాదు: టమాటా మాగుతున్నప్పుడు వదిలే ఇథిలీన్ వాయువును పసిగట్టే చిన్న సెన్సర్ ఉంటే, ఏ పెట్టెను ముందు అమ్ముకోవాలో రైతుకు తెలుస్తుంది. దాన్ని అతికి, పరీక్షించి, చెడితే విప్పి చూసే మనిషిని తయారుచేయాల్సింది ఈ జిల్లా ఐటీఐలే. ఒక సూక్ష్మదర్శిని, తీగ అతికే యంత్రం, తమిళంలో తెలుగులో పాఠాలు, వారానికి రెండు పూటలు ఈ పెద్దాయనలాంటి గురువు: ఇంతకన్నా పెద్ద ఖర్చు అడగడం లేదు.